పిల్లల బొమ్మలకు హాలు ఇవ్వండి, బొమ్మలు ఏరకండి: అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా ఉన్నతాధికారులకు, పురపాలక, విద్యా, సాంస్కృతిక శాఖల అధికారులకు,

నమస్కారం. నేను ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పార్ట్‌టైమ్ డ్రాయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌ను. మా బడితో పాటు చుట్టుపక్కల మరో ఆరు ప్రభుత్వ బడుల పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, కొందరు టీచర్లు కూర్చుని నాతో రాయించిన లేఖ ఇది. దరఖాస్తు ఇచ్చాం, ప్రజావాణిలో అర్జీ పెట్టాం, ఫోన్లు చేశాం. కాగితం మీద జవాబు ఒక్కటీ రాలేదు కాబట్టి ఇలా నలుగురి ముందూ రాస్తున్నాం. ఏ అధికారి పేరూ, ఏ హాలు పేరూ ఇందులో లేదు. సీట్లో మనిషి మారినా జవాబు మారడం లేదు, పేర్లు రాసి ఏం లాభం?

జరిగింది ఇదీ.

ఈ విద్యా సంవత్సరంలో పిల్లలతో ఒకే అంశం మీద ఉమ్మడి చిత్ర ప్రదర్శన పెట్టాలనుకున్నాం. పండుగలు, పక్షులు, పరిశుభ్రత అన్నీ చర్చకు వచ్చాయి. చేతులెత్తమంటే నీళ్లకే ఎక్కువ చేతులు లేచాయి. ఒక పక్క తాగే నీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన పల్లెలు, ఒక పక్క మూసీ ఆయకట్టు, ఇంకో పక్క సాగర్ ఎడమ కాలువ. ఇక్కడి పిల్లలకు నీళ్ల గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఉమ్మడి ప్రదర్శన అంటే ఎవరి బొమ్మ వాళ్లు తెచ్చి గోడకు తగిలించి పోవడం కాదని మొదటి రోజే చెప్పాను. అందుకే ఒక షరతు పెట్టుకున్నాం. అందరికీ ఒకే కొలత షీటు, 22 అంగుళాల పొడవు, 15 అంగుళాల ఎత్తు. రెండు అంచుల్లోనూ కింది నుంచి 6 అంగుళాల దగ్గర ఒక పెన్సిల్ గుర్తు, 9 అంగుళాల దగ్గర ఇంకోటి. నీళ్లు ఎడమ అంచులో ఆ గుర్తుల మధ్య నుంచి లోపలికి రావాలి, కుడి అంచులో ఆ గుర్తుల మధ్య నుంచే బయటికి పోవాలి. మధ్యలో అవి బావిలో దూకుతాయో, చెరువు అలుగు మీద నుంచి దుముకుతాయో, బిందెలోకి పోతాయో గీసేవాళ్ల ఇష్టం. అలా 64 మంది 64 షీట్లు గీశారు. పక్కపక్కన పెడితే 117 అడుగులు దాటే ఒకే నది. ఎడమ చివర వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ. కుడి చివర వాడపల్లిలో కృష్ణ. ఈ మధ్యలో పిల్లలకు తెలిసిన ప్రతి నీటి బొట్టూ ఉంది.

రంగుల సంగతి ఒకటి చెప్పాలి. నీళ్ల బొమ్మలు కదా అని నీలం సీసాలు ఎక్కువ తెప్పించాను. నీలం ఇంకా మిగిలే ఉంది. ముందు అయిపోయినవి బ్రౌను, నలుపు. మధ్యలో మళ్లీ కొనుక్కు రావాల్సి వచ్చింది.

64 షీట్లలో ఒకదాని గురించి కొంచెం వివరంగా రాస్తాను. వ్యవహారమంతా దాని దగ్గరే చిక్కుకుంది. గీసింది మర్రిగూడ మండలం వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న తొమ్మిదో తరగతి అమ్మాయి. ఆమె షీటులో నది ఎడమ నుంచి వచ్చి ఒక రాయి దగ్గర భూమిలోకి దిగిపోతుంది. మట్టి పొరలు ఒకదాని కింద ఒకటి, ఎర్రగా, పచ్చగా, బూడిద రంగులో. నీళ్లు అడుగు దాకా పోయి బోరింగ్ పైపులో పైకొచ్చి చెంబులో పడతాయి. చెంబు పట్టుకున్నది ఆమె తాత. గడప మీద కూర్చున్నాడు, మోకాళ్లు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి. మెడ తిరగదు కాబట్టి చెంబును చూడ్డానికి కళ్లు మాత్రం కిందికి దించాడు. ఆ కళ్లు అలా దించడం నేను నేర్పింది కాదు, ఇంట్లో రోజూ చూసింది గీసింది. చెంబులోంచి ఒలికిన నీళ్లే మళ్లీ కాలువై, సరిగ్గా గుర్తుల మధ్య నుంచి పక్క షీటులోకి పోతాయి. పక్క షీటులో మరో ఊరి పిల్లవాడు మిషన్ భగీరథ మంచినీళ్ల పథకం ట్యాంకు గీశాడు, కింద నల్లా, నల్లా కింద స్టీలు బిందె.

నవంబరు 14 బాలల దినోత్సవానికి ప్రదర్శన అనుకుని నెల ముందే హాలుకు దరఖాస్తు పెట్టాం. రసీదు ముద్ర పడింది. "ఇస్తాం, ఏర్పాట్లు చేసుకోండి" అని నోటిమాట కూడా వచ్చింది. తీరా ఆ రోజు పొద్దున్నే ట్రాలీ ఆటోలో షీట్లు వేసుకుని వెళ్తే వేదిక మీద వేరే సమావేశం ఫ్లెక్సీ కట్టి ఉంది. ముందు రోజు సాయంత్రం మార్చారట. మాకు ఒక్క ఫోన్ చేయలేదు. సరే, అత్యవసరమై ఉంటుందని సర్దుకున్నాం. రెండోసారి అడిగితే బొమ్మలన్నింటి ఫొటోలు పంపమన్నారు, పంపాం. కొన్నాళ్లకు పిలిచి ఐదు బొమ్మలు "నెగెటివ్‌గా ఉన్నాయి, తీసేస్తే చూద్దాం" అన్నారు. మర్రిగూడ తాత, మూసీ మీద తెల్లని నురగ, ఎండిన బోరు పక్కన తల పట్టుకున్న రైతు, ట్యాంకరు ముందు బిందెల వరుస, చచ్చి తేలిన చేపలు. రాతపూర్వకంగా ఇమ్మంటే అక్కర్లేదన్నారు. మూడోసారి హాలు అద్దె చెప్పారు. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు తీసుకునే రేటే, పైన డిపాజిట్. ఆ అద్దె నా నెల గౌరవ వేతనం కన్నా ఎక్కువ.

సంగతి ఆ అమ్మాయికి చెప్పినప్పుడు ఏడవలేదు, కోపగించుకోలేదు. షీట్లు పరిచి ఉన్న నేల మీద తన బొమ్మ తీసి పక్కన పెట్టి, అటూ ఇటూ ఉన్న రెండు షీట్లు చూసి, "సార్, మా తాతను తీసేస్తే నీళ్లు ఏడికెళ్లి వస్తయి మరి?" అంది. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే ఆ అమ్మాయికే చెప్పండి.

నెగెటివ్ అన్న మాట గురించి మర్యాదగానే మాట్లాడతాను. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీటి వనరు లేకపోతే 1.5 వరకు ఒప్పుకోవచ్చు అంటుంది భారతీయ ప్రమాణం. మన పల్లెల్లో ఎన్నో బోర్లలో అంతకు కొన్ని రెట్లు ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగారు. పళ్లు గారపట్టాయి, ఎముకలు వంగాయి. ఇది ప్రభుత్వ రికార్డుల్లో ఉన్నదే, పిల్లలు కొత్తగా కల్పించింది కాదు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) తయారుచేసి దానికి నల్లగొండ పేరే పెట్టింది. దేశవిదేశాల ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఆ పేరు ఉంది. అక్కడ ఉండగా పోని పరువు పదిహేను అంగుళాల షీటు మీద ఎలా పోతుంది? 2015లో మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లో కట్టడానికి కారణం కూడా ఈ ప్రాంతం పడ్డ నీళ్ల బాధే. తాత మోకాళ్లు చూడనివాళ్లకు ఆ పక్క షీటులోని నల్లా ఏమని అర్థమవుతుంది? నన్నడిగితే, మీరు తీసేయమన్న బొమ్మే మీ పథకానికి అన్నింటికన్నా మంచి ప్రచారం.

ఇక హాలు ఇవ్వకపోవడం వల్ల ఎవరికి ఏమవుతోందో చెప్పాలి.

1. గీసిన 64 మందిలో 23 మంది పదో తరగతి వాళ్లు. మార్చిలో పరీక్షలు, ఆ తర్వాత ఎవరు ఏ కాలేజీలో పడతారో, ఏ పనిలో కుదురుతారో తెలియదు. ఈ బడి పిల్లలుగా వాళ్ల బొమ్మ ముందు వాళ్లు నిలబడే అవకాశం ఈ ఏడాదితో సరి. మార్చి 22 ప్రపంచ జల దినోత్సవానికి పెట్టుకోండని ఒకరు సలహా ఇచ్చారు. పరీక్షల నెలలో పదో తరగతి పిల్లల్ని ఎవరు పంపుతారు?

2. పోస్టర్ కలర్ మందంగా వేసిన షీటు చుట్టిపెడితే పగిలి రాలుతుంది. పరిచిపెట్టడానికి మాకు చోటు లేదు. సైన్సు ల్యాబు బీరువాలో, యాసిడ్ సీసాల పై అరలో పెట్టాం. ఇప్పటికే కొన్నింటి అంచులు పురుగు కొట్టింది.

3. నవంబరులో బొమ్మలు చూడ్డానికని కైకిలి మానుకుని ఊళ్ల నుంచి వచ్చిన తల్లులున్నారు. ఒక రోజు కూలి పోయింది, దారి ఖర్చు పోయింది. మహిళలకు ఆర్టీసీలో టికెట్ లేదు కదా అనకండి, అన్ని ఊళ్లకూ ఆ బస్సు పోదు, ఆటోకు ఇచ్చుకోవాల్సిందే. గేటు దగ్గర నుంచే తిరిగి పోయిన ఒకామె, "మా పిల్ల బొమ్మ చూపిస్తమని పిలిస్తిరి, తాళం చూపిస్తిరి" అంది. నేను తలదించుకున్నాను, అంతకన్నా చేయగలిగింది లేదు.

4. నాకు అన్నింటికన్నా టెన్షన్ పెట్టేది ఇది. మొన్న తొమ్మిదో తరగతిలో "మా ఊరి దారి" అని బొమ్మ ఇస్తే ఒక పిల్లవాడు పెన్సిల్ పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "సార్, గుంతలు గీయొచ్చా, పెట్టనిస్తరా?" అని అడిగాడు. పోయిన జూన్‌లో వాడు ఇలా అడిగేవాడు కాదు. ఐదు షీట్ల మీద నోటితో చెప్పిన ఒక్క మాట ఇంత దూరం వచ్చింది. గుంతలు లేని రోడ్లు, నిండిన చెరువులు, నవ్వే రైతులు గీయడం పిల్లలకు వారం రోజుల్లో అలవాటవుతుంది. తర్వాత వాళ్ల చేత చూసింది గీయించడానికి ఎన్నేళ్లు పడుతుందో డ్రాయింగ్ చెప్పేవాళ్లనెవరినైనా అడగండి. రేపు పాలమూరు పిల్లలు ముంబై వలసల మీద, గద్వాల పిల్లలు మగ్గం మీద ఇలాగే ఉమ్మడిగా గీస్తే అక్కడా ఎవరో ఫొటోలు తెప్పించుకుని ఏరుతారు.

5. హైదరాబాద్ పిల్లలకు మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. మాకు తెలిసినంతలో దక్షిణ తెలంగాణ జిల్లా కేంద్రాల్లో ప్రభుత్వ బడి పిల్లలు బొమ్మ వేలాడదీసుకోవడానికి సభామందిరాలు తప్ప వేరే గోడ లేదు. తెలంగాణ రాజముద్ర గీసిన ఏలె లక్ష్మణ్ ఈ ఉమ్మడి జిల్లాలోని కదిరేనిగూడెంలో పుట్టారని మేం క్లాసులో గొప్పగా చెప్పుకుంటాం. అలాంటి ఇంకొకరు ఈ 64 మందిలో ఉన్నారో లేదో బొమ్మలు బయటికి వస్తేనే కదా తెలిసేది.

హాలు వైపు నుంచి మీకూ ఇబ్బందులు ఉంటాయి, కాదనం. మేకులు కొట్టి గోడలు పాడు చేస్తారని, టేపు అంటిస్తే సున్నం ఊడి వస్తుందని మీ సిబ్బంది అన్నారు. అది నిజమే, చాలా చోట్ల జరిగింది కూడా. అందుకే మేం గోడ ముట్టుకోం. వెదురు గుంజలు ఇసుక డబ్బాల్లో నిలబెట్టి, వాటికి సుతిలి తాడు లాగి, బట్టల క్లిప్పులతో షీట్లు తగిలిస్తాం. బడి వరండాలో కొన్ని షీట్లతో ఇలా కట్టి చూశాం, గాలికి ఊగాయి గానీ ఒక్కటీ పడలేదు. ఆరో తరగతి పిల్లల కంటికి అందేలా తాడు నాలుగున్నర అడుగుల ఎత్తులోనే కడతాం. బడిలోనే పెట్టుకోవచ్చు కదా అన్న ప్రశ్న కూడా వచ్చింది. 117 అడుగుల నదికి మా తరగతి గది గోడలు, తలుపులు కిటికీలు బోర్డు పోను, సగానికి కూడా సరిపోవు. ముక్కలు చేసి నాలుగు గదుల్లో పెడితే అది నది కాదు, 64 విడి బొమ్మలు.

ఇంకో మాట. చిత్రలేఖనం పోటీ అంటే అదే హాలు వెంటనే దొరుకుతుంది, మైకు, మెమెంటో, ఫొటో అన్నీ ఉంటాయి. ముగ్గురికి బహుమతి, మిగతావాళ్లు చేతులు కడుక్కుని ఇంటికి. 2015లో మొదలైన కళా ఉత్సవ్ లాంటి పోటీలకు మేమూ పిల్లల్ని తీసుకుపోతాం, తప్పు పట్టడం లేదు. కానీ పక్కవాడి నీళ్లు ఎక్కడ ఆగాయో చూసి, తన నీళ్లు అక్కడి నుంచి మొదలుపెట్టడం పోటీలో రాదు. పాఠ్య, సహపాఠ్య అంశాల మధ్య గట్టి గోడలు ఉండకూడదన్న 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది ఇలాంటి పని గురించే అనుకుంటాను. ఇక్ష్వాకుల నాటి నాగార్జునకొండ సాగర్ నీళ్లలో మునగకముందే తవ్వి, శిల్పాల్ని గుట్ట మీదికి చేర్చి మ్యూజియం కట్టింది మన పక్కనే. అంత ఖర్చు పెట్టి అప్పుడు రాళ్లను కాపాడారు, మేం ఇప్పుడు అడుగుతున్నది మూడు రోజులు ఒక హాలు.

మా డిమాండ్లు ఇవీ:

1. మా దరఖాస్తుకు 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ఇస్తే తేదీతో, ఇవ్వకపోతే కారణంతో. నోటిమాట మాకు వద్దు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ఫైలు నకలు అడుగుతాం. ముందే చెబుతున్నాం కాబట్టి దీన్ని బెదిరింపు అనుకోవద్దు.

2. ఫిబ్రవరిలో, పదో తరగతి హాల్ టికెట్లు రాకముందే, ఒక శనివారం, ఆదివారం, సోమవారం కలిపి హాలు కేటాయించాలి. శనివారం కట్టుకుంటాం, రెండు రోజులు చూపిస్తాం. సోమవారమే ఎందుకంటే ఆ రోజు ప్రజావాణికి ఊళ్ల నుంచి జనం వస్తారు. అర్జీ పట్టుకుని వచ్చినవాళ్లు, వాళ్ల నీళ్ల బాధ ఇప్పటికే ఒకరు గీసి పెట్టారని చూసుకుని పోతారు.

3. 64 షీట్లూ ఉండాలి. ఏ బొమ్మ మీదైనా అభ్యంతరం ఉంటే ఆ బొమ్మ పేరు రాసి, కారణం రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. అశ్లీలమో, ఒక వ్యక్తినో కులాన్నో కించపరచడమో ఉంటే మేమే తీసేస్తాం. "నెగెటివ్" అన్నది కారణం కాదు. ఇంత చెప్పినా తీయించాల్సిందే అంటే, ఆ ఐదు చోట్లా ఖాళీ తెల్ల షీట్లు కడతాం, గుర్తులు మాత్రం ఉంటాయి.

4. ప్రభుత్వ బడుల పిల్లల ప్రదర్శనలకు ఏడాదికి ఒకసారైనా హాలు అద్దె మాఫీ చేస్తూ దక్షిణ తెలంగాణ జిల్లాలన్నింటిలో ఉత్తర్వులు ఇవ్వాలి. ఊడ్పించే ఖర్చుకు, కరెంటుకు డిపాజిట్ కట్టడానికి మాకు అభ్యంతరం లేదు. ఒకసారి ఖరారు చేసిన తేదీ మార్చాల్సి వస్తే కనీసం వారం ముందు చెప్పి, వేరే తేదీ అదే కాగితంలో ఇవ్వాలి.

5. కొత్తగా కట్టే, మరమ్మతు చేసే ప్రతి సభామందిరంలో ఒక గోడ పొడవునా బొమ్మలు వేలాడదీయడానికి కమ్మీ బిగించాలి. అది ఉంటే మేకుల గొడవే ఉండదు.

6. విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలు ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి మించి పిల్లలున్న బడికి కళా విద్య చెప్పే పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలి. ఈ ఏడు బడుల్లో డ్రాయింగ్ చెప్పేవాళ్లు ఇద్దరమే ఉన్నాం. మిగతా ఐదు బడుల్లో లెక్కల టీచరు, హిందీ పండితులు, ఒకచోట పీఈటీ మధ్యాహ్నం పూట రంగులు కలిపి పెట్టారు. వాళ్లకు మేం రుణపడి ఉన్నాం గానీ ఖాళీలు నింపే బాధ్యత వాళ్లది కాదు.

దరఖాస్తు నకలు, రసీదు, 64 షీట్ల ఫొటోలు వరుస నంబర్లతో ఈ లేఖకు జత చేశాం. మీరు తీయమన్నవి 17, 22, 31, 32, 48. ఫొటోల్లో చూసేటప్పుడు దయచేసి విడివిడిగా కాకుండా 16 నుంచి 49 దాకా ఒకే వరుసలో పెట్టి చూడండి. మీ టేబుల్ సరిపోకపోతే నేల మీద పరచండి, మేమూ అలాగే చూస్తున్నాం.

ఇట్లు,
ఏడు ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులు, తల్లిదండ్రుల తరఫున
ఒక డ్రాయింగ్ ఇన్‌స్ట్రక్టర్
ఉమ్మడి నల్లగొండ జిల్లా